ఆర్వో పార్టుగారు – గంటానాద సంగీతము

మన పాఠశాల గంటను ఎరుగని విద్యార్థి లేడు. అయినను దానిని పూర్తిగా వినినవారు కొద్దిమందియే యని మా అనుమానము. బంట్రోతు కొట్టిన క్షణమున పెద్ద మ్రోత పుట్టును. దానికే మనము పుస్తకములు కట్టుకొని లేచుచున్నాము. ఆ మ్రోత అణగిన పిమ్మట కంచులో మరియొక నాదము చాలసేపు నిలిచి యుండును. చెవియొగ్గి వినినచో ఆ నాదము ఏకస్వరము కాదనియు, మూలస్వరముతోకూడ పై స్వరములు కొన్ని సన్నగా కలిసి పలుకుచున్నవనియు తెలియగలదు. అవి పుట్టుకతోనే కంచులో నున్నవి; కొట్టినవాని నేర్పువలన వచ్చినవి కావు.

ఈ మిగిలిన నాదమును గురువుగా చేసికొని తన జీవితకాలపు కృషిని నడిపిన సంగీతకర్తను గూర్చి ఈ యేటి సంచికలో వ్రాయదలచితిమి. ఆయన పేరు ఆర్వో పార్టు. బాల్టిక్ సముద్రపు టొడ్డున నున్న ఎస్తోనియా అను చిన్న దేశము ఆయన జన్మభూమి. చిన్న గంటలను లాటిను భాషలో టింటినాబులా అందురు గనుక తన రచనాపద్ధతికి ఆయన టింటినాబులి అని పేరు పెట్టెను. 2011 మొదలు కొన్ని సంవత్సరములు వరుసగా, ప్రపంచపు కచేరిశాలలలో జీవించియున్న సంగీతకర్తల కృతులలో ఎక్కువ పర్యాయములు వాయింపబడినవి ఆయనవే యని లెక్కకట్టినవారు చెప్పిరి. ఇంతటి ప్రసిద్ధి పొందిన ఈయన, నడివయస్సు రాకమునుపే, ఎనిమిది సంవత్సరములపాటు దాదాపు ఏమియు వ్రాయక యూరకుండెను. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆ యూరకుండుటను గూర్చియే.

పార్టుగారు 1935వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన పైదే అను పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు విడిపోవుటచేత, మూడేండ్ల ప్రాయమున తల్లితోకూడ రాక్వెరే అను ఊరు చేరెను. ఆ దేశమునకు అవి కష్టకాలములు. 1940లో సోవియట్ సేనలును, 1941లో జర్మను సేనలును, 1944లో మరల సోవియట్ సేనలును వచ్చి ఎస్తోనియాను ఆక్రమించినవి. రాక్వెరేలోని యింట ఒక పాత పియానో యుండెడిది. దాని నడిమి మెట్లు చెడిపోయినవి. పై మెట్లును క్రింది మెట్లును మాత్రమే సరిగా పలికెడివి. బాలుడు ఆ రెండు కొసలమీదనే తన ఆటలన్నియు ఆడెను. పిదప ఆయన వ్రాసిన కృతులలో మిక్కిలి క్రిందుగా ఒక స్వరమును, మిక్కిలి పైగా కొన్ని స్వరములును, వాటి నడుమ విశాలమైన ఖాళీయును వినవచ్చునప్పుడెల్ల ఆ పియానో మాకు జ్ఞాపకము వచ్చుచుండును. ఇది మా ఊహయే గాని ఆయన చెప్పిన మాట కాదు.

ఆ ఊరి చౌకులో ఒక స్తంభమునకు లౌడ్‌స్పీకరు కట్టియుండిరి. దానినుండి వెలువడు వాద్యబృందపు కచేరీలను వినుటకై బాలుడు సైకిలుపై ఆ చౌకుచుట్టు తిరుగుచుండెడివాడు. ఒకచోట నిలిచి విను ఓపిక లేని వయస్సు. విడిచి పోవుటకు మనసు రాదు. కావున సైకిలు తిరుగుచుండెను, సంగీతము సాగుచుండెను.

1954 మొదలు 1956 వరకు సైన్యపు బ్యాండులో ఓబో అను ఊదువాద్యమును, డోలును వాయించుచు నిర్బంధసేవ చేసెను. 1957లో తాలిన్ నగరపు సంగీత కళాశాలలో ప్రవేశించి హైనో ఎల్లర్ అను పెద్ద ఉపాధ్యాయునివద్ద 1963 వరకు చదివెను. 1958 నుండి 1967 వరకు ఎస్తోనియా రేడియోలో ధ్వనిముద్రణ పని చేసి జీవనము గడిపెను. యంత్రముముందు కూర్చుండి ఇతరుల ధ్వనులను తొమ్మిదేండ్లు వినినవాని చెవి మారకుండునా?

ఆ కాలపు సోవియట్ పాలకులకు సంగీతకర్తలనుండి కావలసినది ఉత్సాహకరమైన పాటలు. పార్టుగారు 1960లో నెక్రోలోగ్ అను వాద్యకృతిని వ్రాసెను. సప్తకమునందలి పండ్రెండు స్వరములను ఒక కట్టుబాటు ప్రకారము వాడు పాశ్చాత్య నవీనపద్ధతి ఎస్తోనియాలో మొట్టమొదట ఈ కృతియందే కనబడెను. మాస్కో పెద్దలు దానిని బహిరంగముగా తప్పుపట్టిరి. 1959లో బాలురకొరకు వ్రాసిన మా తోట అను గేయమాలికకు 1962లో ఆ మాస్కోలోనే బహుమతి యిచ్చిరి. ఒక చేత బహుమతి, ఇంకొక చేత చీవాట్లు. ఇట్లు కొన్ని సంవత్సరములు జరిగినవి.

1968 నవంబరు 16వ తేదీన తాలిన్ నగరపు ఎస్తోనియా కచేరిశాలలో నేమె యార్వి గారి ఆధ్వర్యమున క్రెడో అను కృతి వినిపింపబడెను. గాయకబృందము, పెద్ద వాద్యబృందము, పియానో కలిసి నడపు కృతి యది. యేసుక్రీస్తునందు విశ్వాసముంచుచున్నానను లాటిను మాటలతో అది ఆరంభమగును. బాకు మహాశయుని ప్రసిద్ధమైన పియానో రచన యొకటి, నెమ్మది నీటివంటిది, అందు చేరును. పిమ్మట కంటికి కన్ను, పంటికి పల్లు అను పాతన్యాయపు మాటలు వచ్చును. స్వరములు క్రమముగా గుమికూడి కలహించి కేకలై, చివరకు చెవులు మూసికొనవలసినంత అల్లకల్లోలమగును. అంతట దుష్టుని ఎదిరింపవద్దను కొండమీది ప్రసంగపు ఉపదేశము వినబడి, బాకుగారి నెమ్మదినీరు మరల ప్రవహించును.

సంగీతజ్ఞుల సంఘపు ముందు అనుమతి పొందక ఆ కృతిని వేదికమీదికి తెచ్చిరి. వినినవారు కదలిపోయిరి. దేవుడు లేడని బోధించు ప్రభుత్వపు కచేరిశాలలో క్రీస్తునామము అంత బిగ్గరగా వినబడుట అధికారులకు సహింపరాని తప్పయ్యెను. క్రెడోను చాల సంవత్సరములు ఎవరును వినిపింపకుండ చేసిరి. పార్టుగారికి పనులు ఇచ్చువారు తగ్గిరి.

ఆయన పిమ్మట మౌనము వహించుటకు ఇదియే కారణమని పలువురు వ్రాయుదురు. అది సగము నిజమని మా తలంపు. నోరు మూయించినది ప్రభుత్వమైతే, ఆయన రహస్యముగా వ్రాసి పెట్టెలో దాచుకొనవచ్చును గదా? అట్లు చేసినవారు ఆ దేశమున మరి కొందరుండిరి. పార్టుగారికి కలిగిన చిక్కు లోపలిది. కంటికి కన్ను భాగమునకు తాను వాడిన నవీన పండ్రెండు స్వరముల పద్ధతియే కలహపు భాషగా ఆయనకు తోచెను. బాకుగారి భాష తనది కాదు, ఎరువు తెచ్చుకొన్నది. ఇక తన భాష యేది? ఈ ప్రశ్నకు జవాబు లేక ఆయన కలము ఆగెను.

1968 మొదలు 1976 వరకు ఎనిమిదేండ్లు. ఈ నడుమ 1971లో మూడవ సింఫొనీ ఒకటి వెలువడెను. చలనచిత్రములకు సంగీతము సమకూర్చి కుటుంబమును పోషించెను. మిగిలిన కాలమంతయు ఒక పాఠశాల బాలునివలె మొదటి తరగతి పాఠములు చదువుకొనెను. ప్రాచీన క్రైస్తవ మఠములలో సన్యాసులు వాద్యము లేక ఒకే వరుసగా పాడు గ్రెగోరియను కీర్తనలను, ఐదారు వందల యేండ్లనాటి బహుకంఠ గానములను నేర్చుకొనెను. ఒక కీర్తన చదువుట, వెంటనే ఒంటివరుసగా ఒక రాగపు గీతను కాగితముపై వ్రాయుట, మరల చదువుట, మరల వ్రాయుట – ఈ అభ్యాసముతో నోటుపుస్తకములు నిండినవి. అందు కచేరికి పనికివచ్చునది ఒక్కటియు లేదు. 1972లో నోరా అను విదుషిని వివాహమాడెను. ఆ సంవత్సరమే ఆర్థొడాక్సు సంఘమున చేరెను.

అప్పటి సంగతి యొకటి ఆయనయే పలుమార్లు చెప్పెను. ఒకనాటి ఉదయమున ఇంటియెదుట వీధి నూడ్చుచున్న మనుష్యుని చూచి, సంగీతకర్త యైనవాడు సంగీతమును ఎట్లు వ్రాయవలెనని అడిగెనట. ఊడ్చువాడు ఆ వింతప్రశ్నకు ఆశ్చర్యపడి, ప్రతి యొక్క స్వరమును ప్రేమింపవలెనేమో అనెనట. ఇట్టి మాట తనకు ఏ పండితుడును చెప్పలేదని పార్టుగారు అందురు.

ఇచ్చట విద్యార్థుల తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఒక సంవత్సరము మార్కులు తగ్గినవని పిల్లవానిని పనికిమాలినవానిగా నెంచి మావద్దకు లాగుకొని వచ్చువారు కలరు. ఎనిమిదేండ్లు ఖాళీగా కనబడిన పార్టుగారి సంగతి చదివినప్పుడు, మా తరగతులలో మేము త్వరపడి సోమరులని వ్రాసివైచిన కొన్ని పేర్లు మా మనస్సునకు వచ్చినవి. వారిలో నిజముగా సోమరులెవరో, నోటుపుస్తకములు నింపుచున్నవారెవరో మేము విచారింపలేదు.

1976 ఫిబ్రవరి 7వ తేదీన ఆ మౌనము విడెను. ఎంతటి కృతితో? రెండు నిమిషముల పియానో రచనతో! దాని పేరు అలీనాకు. వారి స్నేహితకుటుంబములోని బాలిక యొకతె తండ్రివెంట ఇంగ్లండు వెళ్లిపోగా, ఇంటనే మిగిలిపోయిన తల్లికి ఓదార్పుగా దానిని వ్రాసెను. ఆ రచనలో ముందుగా పియానో అడుగున ఒక స్వరము మ్రోగి చాలసేపు నిలుచును. పైన రెండు చేతులు ఒకదానితోనొకటి కలిసి నడచును. వరుసవరుసకు ఒక్కొక్క స్వరము చొప్పున పెరుగుచు పోయి, మరల ఒక్కొక్కటి చొప్పున తగ్గును. వరుసలు పదునైదే. తాళపు లెక్క లేదు. స్వరములు దీర్ఘమనియు హ్రస్వమనియు రెండే రకములు.

దీని కట్టుబాటు మన విద్యార్థులు హార్మోనియముపై తామే పరీక్షించి చూచుకొనదగినంత సులభము. ఇంగ్లీషువారు ఏ అని పిలుచు తెల్లమెట్టును షడ్జముగా నెంచి తెల్లమెట్లమీదనే పైకి పోయినచో మన నఠభైరవి మేళపు స్వరములు వచ్చును. ఇప్పుడు ఇద్దరు బాలురు పెట్టెముందు కూర్చుండవలెను. మొదటివాడు పై షడ్జమునుండి స ని ధ ప మ గ రి స అని మెట్టుమెట్టుగా, తొందరపడక, దిగవలెను. రెండవవానికి మూడే స్వరములు ఇయ్యబడినవి: స, గ, ప. మొదటివాడు ఏ స్వరము వాయించినను, దానికి పైన అందరికంటె దగ్గరగా నున్న తన స్వరమును రెండవవాడు అదే క్షణమున వాయింపవలెను. అప్పుడు స పలికినప్పుడు గ, ని పలికినప్పుడు స, ధ పలికినప్పుడును ప పలికినప్పుడును ఆ స యే, మ కు ప, గ కు ప, రి కి గ, తుది స కు మరల గ జతపడును.

వినిచూడుడు. ధ తో స కలిసినప్పుడు హాయిగా నుండును. రి తో గ కలిసినప్పుడు ప్రక్కప్రక్క మెట్లగుటచేత గరుకుగా రాచుకొనును. మరుక్షణమున స తో గ కలియగా ఆ రాపిడి తీరిపోవును. ఎవరును ఆ రాపిడిని కోరి చేయలేదు, ఎవరును దానిని తప్పింపలేదు. ఒకడు నడచుటవలనను ఒకడు నిలుచుటవలనను అది తానే వచ్చి తానే పోయెను. పాశ్చాత్యులు మూడు స్వరముల ఆ కూర్పును త్రయమందురు. గంట కొట్టిన పిమ్మట కంచులో మిగులు పలుకులవలె ఆ త్రయము విడువక మ్రోగుచుండును గనుకనే ఈ పద్ధతికి గంటల పేరు వచ్చినది. మన తంబురాశ్రుతి గాయకుని విడువక వెంట నుండుటతో దీనికి కొంత పోలిక కలదు గాని, తంబురా మారదు. పార్టుగారి రెండవ కంఠము మొదటిదాని ప్రతి అడుగుతోను తానును అడుగు వేయును.

మొదటి కంఠము తిరుగులాడు మనుష్యుడనియు, పాపమును బాధయు గల దినదినపు జీవితమనియు, రెండవ కంఠము క్షమాపణ యనియు పార్టుగారు వివరించిరి. ఆయన భార్య ఈ రెంటిని కూడి ఒకటియు ఒకటియు ఒకటే యని చమత్కరించెను. మా గణితోపాధ్యాయులు దీనిని అంగీకరింపరు. అయినను హార్మోనియముముందు కూర్చుండిన బాలురు, తమ రెండు కంఠములు వేరువేరుగా వినబడుట ఎక్కడ మానెనో తామే చెప్పగలరు.

ఈ కట్టుబాటు ఇనుపకంచె వంటిది కాదు. అలీనా కృతిలో ఎడమచేయి ఆరంభమునుండి తన త్రయమును విడువక నడచి, ఒక్కచోట మాత్రము దానిని దాటి పరాయి స్వరమును ముట్టును. ఆ చోట పార్టుగారు ప్రతిలో ఒక పువ్వు గీచెను.

ఆ యేడే అక్టోబరు 27వ తేదీన హోర్టుస్ మూసికుస్ అను ప్రాచీన సంగీతబృందమువారు ఈ కొత్త పద్ధతి కృతులను తాలిన్‌లో మొదటిసారి వినిపించిరి. ఆ వెనుక, ఎనిమిదేండ్లు కట్టియుంచిన కాలువకు గండిపడినట్లు, రెండు మూడేండ్లలో ఆయన ఉత్తమకృతులు అనేకము పుట్టినవి. 1977లో ఫ్రాత్రెస్, తాబులా రాసా. 1978లో అద్దములో అద్దము అను అర్థముగల స్పీగల్ ఇమ్ స్పీగల్.

తాబులా రాసా యనగా చెరిపిన పలక. రెండు వయొలిన్లకును, తంతివాద్యబృందమునకును, తీగెలమధ్య మరలు గ్రుచ్చి స్వరము మార్చిన పియానోకును వ్రాసినది. దాని రెండవ భాగపు పేరు మౌనము. మొదట కాగితములను చూచిన వాద్యకారులు, ఇందు సంగీతమెక్కడ నున్నదని అడిగిరట. అంత తక్కువ స్వరములు! ఆ భాగాంతమున రాగము మెట్టుమెట్టుగా దిగుచు పెద్ద వయొలిన్ల అడుగువరకు వచ్చి, తుదిమెట్టునకు ఒక్క మెట్టు పైన ఆగిపోవును. చివరి షడ్జమును ఎవరును వాయింపరు. వినువాడు దానిని తన మనస్సులో తానే వాయించుకొనును. న్యూయార్కు పత్రిక యొకటి 2002లో వ్రాసినదానినిబట్టి, మరణశయ్యపై నున్న రోగులు కొందరు ఈ భాగమునే మరల మరల వినగోరిరి.

పార్టుగారి కొత్త సంగీతమునందు అధికారులకు కేకలు వినబడలేదు గాని, లాటిను ప్రార్థనలు వినబడినవి. కృతులపేర్లు మార్చవలసివచ్చెను, అనుమతులు ఆలస్యమగుచుండెను. తుదకు దేశము విడిచిపొమ్మను సూచన వచ్చెను. భార్య యూదుల సంతతి యగుటచేత ఇశ్రాయేలునకు పోవుటకని అనుమతిపత్రములు దొరికినవి. 1980 జనవరిలో భార్యతోను ఇద్దరు కుమారులతోను రైలెక్కెను. వారి ఆస్తి ఏడు పెట్టెలు. వాటిలో అధికభాగము సంగీతపు కాగితములును, రికార్డులును, టేపులును. సరిహద్దునందలి బ్రెస్టు స్టేషనులో పోలీసువారు పెట్టెలు విప్పించి, ఈ రికార్డులలో ఏమున్నదో వినిపింపుమనిరి. పెద్ద స్టేషను, ఇతరులెవరును లేరు. పార్టుగారు తన కృతిని వినిపించెను. ఆ శూన్యశాలలో అది ఆరాధనవలె వినబడెననియు, ఆ పిమ్మట పోలీసులు తమయెడల ఎంతో స్నేహముగా ప్రవర్తించిరనియు ఆయన చెప్పెను. తనను వెళ్లగొట్టు రాజ్యపు కావలివారే ఆనాటి శ్రోతలు!

వియన్నాలో యూనివర్సల్ ఎడిషన్ అను ప్రచురణ సంస్థవారు ఆయనను ఆదుకొనగా ఇశ్రాయేలు ప్రయాణము ఆగిపోయెను. 1981లో బెర్లిను చేరి, దాదాపు ముప్పది సంవత్సరములు అచ్చటనే నివసించెను. 1984లో ఇ.సి.ఎం. అను జర్మను రికార్డుసంస్థ తాబులా రాసాను విడుదల చేయగా ఆయన పేరు ప్రపంచమంతట ప్రాకెను.

బెర్లినులో వ్రాసినవాటిలో యోహాను సువార్తనుబట్టి ప్రభువుయొక్క శ్రమలను వినిపించు పాస్సియో, 1982లో ముగిసినది, క్రైస్తవ పాఠకులు తప్పక తెలిసికొనదగినది. అందు మాటయే సంగీతమును నడుపును. పదమునకు ఎన్ని అక్షరములో రాగమునకు అన్ని మెట్లు. ప్రభువు అను పదమునకు ఈ లెక్కన మూడు మెట్లు; దేవుడు అనుటకును మూడే; యేసు అనుటకు రెండు. వాక్యమునందలి విరామచిహ్నములనుబట్టి స్వరము ఎంత నిలువవలెనో, తరువాత మౌనము ఎంత యుండవలెనో ఏర్పడును. వ్యాసములలో కామా పెట్టుటకు విసుగుకొను మా విద్యార్థులు ఈ సంగతి గమనింపవలెను. యూదాయొక్క ద్రోహమునకు భయంకరపు స్వరము, సిలువకు దుఃఖస్వరము అని పార్టుగారు రంగులు పూయలేదు. అందరికి ఒకే కట్టుబాటు. డెబ్బది నిమిషములు ఎడతెగక నడచును. నిజము చెప్పవలెనన్నచో మొదటిసారి విననారంభించి అరగంటకు మేము అలసి ఆపివేసితిమి. మంచి శుక్రవారపు మధ్యాహ్నమున, సువార్తను ఎదుట తెరచి పెట్టుకొని, మరల వినినప్పుడు గడియారము చూచుట మరచితిమి.

ఈ రకపు రచనను పాశ్చాత్యులు మినిమలిజము అని, అనగా అల్పసామగ్రితో చేయు రచన యని పిలుతురు. పార్టుగారిని మాత్రము పవిత్ర మినిమలిస్టు అని కొందరు విమర్శకులు కొంచెము ఎగతాళిగా పిలిచిరి. అమెరికాలో స్టీవు రైకు, ఫిలిపు గ్లాసు మొదలగువారు అంతకుముందే ఈ మార్గము తొక్కియుండిరి. వారిలో గ్లాసుగారు పారిసులో మన రవిశంకరుగారితో పనిచేసి తాళపు లెక్కలు నేర్చెను. 1980లో రోటర్డాములో ప్రదర్శింపబడిన ఆయన సత్యాగ్రహ అను సంగీతనాటకము గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికా జీవితమును గూర్చినది. దానిని భగవద్గీతనుండి గైకొన్న సంస్కృతపు మాటలతో పాడుదురు. అయితే అమెరికావారి సంగీతము ఎడతెగని నడక, రైలుబండి చక్రముల వంటిది. పార్టుగారిది ఆగి ఆగి ఊపిరి పీల్చు సంగీతము. రెంటికి ఒకే పేరు పెట్టుట పేరు పెట్టువారి సౌకర్యమునకే.

ఇది మిక్కిలి సులభమనియు, ఎవరైనను వ్రాయగలరనియు ఆక్షేపించువారున్నారు. స్పీగల్ ఇమ్ స్పీగల్ కృతిని దుఃఖసన్నివేశము వచ్చినప్పుడెల్ల సినిమాలవారు వాడి వాడి అరగదీసినారనుట మేమును ఒప్పుకొందుము. కాని మూడు స్వరములు ఇచ్చి వ్రాయుమన్నచో ఎవరు ఏమి వ్రాయుదురో హార్మోనియముముందు తెలిసిపోవును. మా పై తరగతి బాలురు నలుగురు ప్రయత్నించిరి. కట్టుబాటు సరిగానే పాటించిరి. నలుగురిలో ఒక్కని రచనయే మరల వినవలెననిపించెను. వాడు మిగిలినవారికంటె తక్కువ స్వరములు వ్రాసెను.

1991లో ఎస్తోనియా మరల స్వతంత్రమయ్యెను. 2010లో పార్టుగారు స్వదేశమునకు తిరిగివచ్చిరి. తాలిన్‌కు 35 కిలోమీటర్ల దూరమున లౌలస్మా అనుచోట, దేవదారువృక్షముల నడుమ, ఆయన కాగితములను భద్రపరచు కేంద్రమునకు 2018 అక్టోబరులో కొత్త భవనము తెరువబడెను. మౌనకాలపు నోటుపుస్తకములును అచ్చటనే యున్నవి. 2014లో జపానువారి ప్రేమియం ఇంపీరియాలే, 2017లో రాట్జింగరు బహుమానము, 2023లో స్వీడనువారి పోలారు బహుమానము ఆయనకు లభించినవి. 2025 సెప్టెంబరులో ఆయనకు 90 ఏండ్లు నిండెను.

మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముందు, తొమ్మిదవ తరగతివారికి కడపటి పీరియడులో ఒక కృతి వినిపించితిమి. 1976 డిసెంబరు 4వ తేదీన ఇంగ్లీషు సంగీతకర్త బెంజమిన్ బ్రిటను చనిపోయెను. ఆయన సంగీతపు స్వచ్ఛతను అప్పుడప్పుడే గ్రహింపనారంభించి, ఆయనను కలిసికొనవలెనని కోరుచుండిన పార్టుగారికి ఇక ఆ యవకాశము లేకపోయెను. అందుకొరకు 1977లో వ్రాసిన స్మృతిగీతమే కాంతుస్. తంతివాద్యములును ఒకే ఒక గంటయును దానికి చాలును. మొదటి మూడు మాత్రలు నిశ్శబ్దము. పిమ్మట గంట. అంతట మీది వయొలిన్లు, మేము పైన చెప్పిన స ని ధ ప వరుసనే, మొదట స, తరువాత స ని, తరువాత స ని ధ అని పెంచుకొనుచు దిగును. రెండవ వయొలిన్లు అదే వరుసను ఒక స్థాయి క్రిందుగా రెండింతలు నెమ్మదిగాను, ఆ క్రిందివి నాలుగింతలు, ఆపై ఎనిమిదింతలు నెమ్మదిగాను, అన్నిటి అడుగున పెద్ద తంతివాద్యములు పదునారింతలు నెమ్మదిగాను నడచును. ఒకే వాక్యమును ఐదుగురు ఐదు వేగములతో చెప్పుచున్నారన్నమాట. ఒక్కొక్కరు తమ తుదిస్వరము చేరి అచ్చటనే నిలిచిపోవుదురు. చివరివారు చేరువరకు మొదట చేరినవారు వాయించుచునే యుందురు. మ్రోత పెరిగి పెరిగి గది నిండును. అకస్మాత్తుగా అందరును ఆపుదురు.

ఆపగానే తరగతిలో గంటనాదము మాత్రము మిగిలెను. మొదటి నిశ్శబ్దమునకు నవ్విన బాలురు ఇప్పుడు నవ్వలేదు. నాదము పూర్తిగా అణగిన తరువాత వెనుక బల్లమీది బాలుడు చేయి యెత్తి, "మేష్టరుగారూ, గంట ఎప్పుడు కొట్టారండీ? కొట్టినట్టు నాకు వినబడలేదు" అని అడిగెను.

వినబడదు. అందరును మిక్కిలి గట్టిగా వాయించుచున్నప్పుడు, ఆ మ్రోతలో కలిసిపోవునట్లు, దానిని మెల్లగా కొట్టుమని పార్టుగారు వ్రాసెను.